తామర దుంపలు అప్పుడే తేవొద్దు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. పూడిక తీసిన మన కుంట వానలకు నిండింది గానీ నీళ్లు పచ్చగా ఉన్నాయని, నెల్లూరు నుంచి తామర దుంపలు తెచ్చి వేద్దామా అని అడిగారు. తొందరపడకండి. ఆ పచ్చదనం చూసి టెన్షన్ పడాల్సింది కూడా ఏమీ లేదు.

మట్టిని తవ్వి కదిలించినప్పుడు అందులోని సత్తువ నీళ్లలో కలుస్తుంది. నీడపట్టే మొక్కలు ఇంకా లేవు కాబట్టి ఎండ నేరుగా పడుతుంది. దాంతో ముందు నీళ్లను పచ్చగా చేసే పాచి పెరుగుతుంది. ఆ తర్వాత అడుగున నాచు, అంటే నీళ్లలో మునిగి పెరిగే మొక్కలు, వేళ్లూనుకుంటుంది. అది సత్తువ పీల్చుకుంటుంది, బురద లేవకుండా పట్టి ఉంచుతుంది. దాని చాటున బతికే సన్న పురుగులు పాచిని తింటాయి. అలా మెల్లగా నీళ్లు తేరుకుంటాయి. ఏ కుంటకు వెళ్లినా నేను ముందు పూల కోసం చూడను. మోకాటి లోతులో నా పాదాలు కనపడుతున్నాయా అని చూస్తాను. వెలుగు అడుగుదాకా దిగితేనే మిగతా మొక్కలు వస్తాయి.

వాటికి విత్తనాలు చాలావరకు ఆ బురదలోనే ఉన్నాయి. చైనాలో ఎండిపోయిన ఒక చెరువు అడుగున దొరికిన తామర గింజ, సుమారు 1,300 ఏళ్ల నాటిది, మొలకెత్తింది! అన్ని గింజలూ అంతకాలం ఉండవు గానీ, తుంగలాంటి వాటి గింజలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. అందుకే పూడికనంతా గీకి ట్రాక్టర్లలో తోలేస్తే నాకు బాధ. ఒక మూలైనా పాత బురద వదిలిపెట్టాలి. ఒడ్డును గోడలా నిలువునా కోయడమూ తప్పే. ఒడ్డు వాలుగా ఉంటే తడి నేలలో పొన్నగంటి, గుంటగలగర, కొంచెం నీళ్లలో తుంగ, ఇంకాస్త లోపల జమ్ము, లోతులో కలువ, తామర, ఇలా దేని చోటు దానికి దొరుకుతుంది. మన నెల్లూరు జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వేసవికి నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ బయటపడిన బురదలో కొత్త మొక్కలు మొలుస్తాయి. నీళ్ల కింద అవి మొలవలేవు. కాబట్టి మే నెలలో కుంట ఎండినా బోరు నీళ్లు పెట్టమని పెద్దవాళ్లను అడగకండి.

బర్రెగొడ్లను దిగనివ్వొద్దని ఊళ్లో కొందరు అంటున్నారట. నేను ఒప్పుకోను. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల కేంద్రంలో 1982లో పశువుల మేత ఆపేశారు. మేసేవి లేక నీటిగడ్డి అల్లుకుపోయి, పక్షులకు ఖాళీ నీళ్లే తగ్గిపోయాయి. మన జమ్ము కూడా అంతే. ఒక్కో కంకిలో లక్షకు పైగా గింజలుంటాయి, గాలికి ఎగిరిపోతాయి. బర్రెలు లేత జమ్మును మేసి, తొక్కి, దాన్ని అదుపులో ఉంచుతాయి. మరీ ఎక్కువ మందలు దిగితే మాత్రం పేడతో నీళ్లు మళ్లీ పచ్చబడతాయి.

గుర్రపు డెక్కను మాత్రం ఉపేక్షించొద్దు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క అదును కుదిరితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. నీళ్లను కప్పేస్తే కింద నాచు వెలుగు లేక చస్తుంది. ఊదా పూలు పూయకముందే, ఒక్కటి కనపడినా పెద్దవాళ్లతో చెప్పి తీయించండి. తీసినదాన్ని ఒడ్డున వదలకుండా దూరంగా మెట్ట మీద ఎండబెట్టాలి. మీరు మాత్రం నీళ్లలోకి ఒంటరిగా దిగొద్దు.

ఏదో ఒకటి నాటాలని మీకు ఉంటే నీటి కడప చెట్టు నాటుదాం. అది నెలల తరబడి నీళ్లలో నిలిచినా చావదు. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు ఆ చెట్ల మీదే గూళ్లు కడతాయి. సంక్రాంతి సెలవులకు వస్తున్నాను, మొక్కలు నేను తెస్తాను. మీరు గుంతలు తీసి ఉంచండి. కట్ట మీద వద్దు, వేళ్లు దిగితే కట్ట బలహీనపడుతుంది. ఎదుటి ఒడ్డున తీయండి.

మీ తాతయ్య