ఎడారి నేల మీది సజీవ పొర, వాన నీరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో మృత్తికా శాస్త్రం బోధిస్తూ, నేలలోకి నీరు ఇంకే తీరును కొలవడమే పనిగా పెట్టుకున్న నాకు, ఎడారి నేలల పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ ఒకే రకమైన సందేహాలు ఎదురవుతాయి. నా విద్యార్థుల్లో చాలామంది చిత్తూరు ప్రాంతపు వేరుశనగ రైతుల పిల్లలు. విత్తిన మర్నాడే జోరువాన కురిసి, ఆపై ఎండ కాస్తే ఎర్రనేల అట్టకట్టి మొలక పైకి రాలేక వంకర తిరిగిపోవడం వారు కళ్లారా చూసినదే. అందువల్ల నేల మీద పొర అనగానే అది పంటకు శత్రువన్న భావం వారిలో ముందే స్థిరపడి ఉంటుంది.

అపోహ: ఎడారి పొర కూడా మన చేలల్లో కట్టే అట్ట వంటిదే.

వాస్తవం: మన ఎర్రనేలలో చినుకుల దెబ్బకు మట్టి గుళికలు చితికిపోయి, సన్నని రేణువులు రంధ్రాలలో పేరుకుని, ఆరి గట్టిపడతాయి. ఎడారి పొరను కట్టేవి ప్రాణులు: నీలి ఆకుపచ్చ నాచు, మాస్ మొక్కలు, శేషాచలం అడవి బాటల్లో రాళ్లకు పెచ్చుల్లా అంటుకుని కనిపించే లైకెన్ల వంటివి. మైక్రోకోలియస్ అనే నాచు పోగులు తమ చుట్టూ జిగురు తొడుగును అల్లుకుని, ఇసుక రేణువులను ఒకదానితో ఒకటి కట్టి ఉంచుతాయి. సాధారణంగా కొన్ని మిల్లీమీటర్ల మందమే ఉండే ఈ పొర, ప్రపంచ భూభాగంలో సుమారు 12 శాతం మేర పరచుకుని ఉందని అంచనా.

అపోహ: ఈ పొర నీటిని ఇంకనివ్వదు. (దీనికి సరిగ్గా వ్యతిరేకమైన మాటను, అంటే పొర ఉంటేనే నీరు బాగా ఇంకుతుందన్నదాన్ని, అంతే నమ్మకంతో చెప్పేవారూ ఉన్నారు.)

వాస్తవం: రెండు మాటలూ ఒక్కొక్క చోట నిజమే, పొర కింద ఏ నేల ఉంది, అక్కడి చలి ఎంత అన్నది అడగకుండా జవాబు చెప్పడమే పొరపాటు. ముతక ఇసుకలో నీరు సహజంగానే చకచకా దిగిపోతుంది కనుక, తడిసి ఉబ్బిన జిగురు రంధ్రాలను మూసినప్పుడు ఇంకే వేగం తగ్గుతుంది. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఇసుక దిబ్బల మీది నున్నని పొరలు ఇలా పనిచేస్తాయి. అమెరికాలోని కొలరాడో పీఠభూమిలో మట్టిలోని నీరు గడ్డకట్టి పొరను పైకి తోస్తుంది కాబట్టి, అక్కడి నేల చిన్న చిన్న గోపురాల్లా ఎగుడుదిగుడుగా లేచి, వాటి నడుమ నీరు నిలిచి, తీరికగా ఇంకుతుంది. చినుకు తగిలితేనే అట్టకట్టే సన్నని మట్టిలోనైతే, ఈ జీవులు గుళికలను చెదరనివ్వకుండా కాపాడి ఇంకుడుకు తోడ్పడవచ్చు.

ఇంకే వేగాన్ని కొలిచే పద్ధతి కూడా మనల్ని మోసం చేయగలదు. నీరు పోసి ఎంత వేగంగా ఇంకుతుందో చూసే ఇనుప వలయాన్ని సుత్తితో నేలలోకి దిగగొట్టినప్పుడు దాని అంచు వెంబడి పొర పగిలిందంటే, నీరు ఆ పగుళ్ల గుండా జారిపోయి లెక్క ఎక్కువగా వస్తుంది. అందుకే మొదట పొరను కొద్దిగా తడిపి, మెత్తబడ్డాకే వలయాన్ని దించమని నా విద్యార్థులకు పట్టుబట్టి చెబుతాను.

అపోహ: ఇంకకుండా పారిపోయిన నీరంతా నష్టమే.

వాస్తవం: కొండవాలు నీటికి కట్టలు కట్టి చెరువులు నింపుకున్న రాయలసీమ వారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. నెగెవ్‌లో పొర మీద జారిన నీరు దిగువనున్న పొదల మొదళ్లకు చేరి, అక్కడ లోతుగా ఇంకుతుంది. ఏడాదికి దాదాపు 100 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నెగెవ్‌లోని అవ్‌దాత్ వద్ద, నబాటియన్లనే ప్రాచీన అరబ్బు జాతివారు వాలుల మీది నీటిని లోయలోని మళ్లకు మళ్లించి సేద్యం చేశారు. ఆ వాలులు నీటినంతా తామే తాగేసి ఉంటే ఆ మళ్లలో పంట పండేది కాదు.

అపోహ: పొర మూతలా ఉండి, లోపలి తేమను కాపాడుతుంది.

వాస్తవం: ఈ విషయంలో చైనాలోని షాపోతౌ అనే ఎడారి ప్రాంతపు అనుభవం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. బావోతౌ–లాంజౌ రైలు మార్గాన్ని ఇసుక మేటల నుంచి కాపాడడానికి 1956 నుంచి అక్కడ గడ్డిని గళ్లుగళ్లుగా పాతి, నడుమ పొదలు నాటారు. దిబ్బలు కదలకుండా నిలిచాయి, దశాబ్దాల్లో వాటి మీద సజీవ పొర ఏర్పడింది. ఆ తరువాత చిన్న వానల తడి పై పొరలోనే ఆగి, ఎండకు ఆవిరైపోవడం వల్ల, లోతు పొరల్లో పదును తగ్గి, లోతుగా వేళ్లూనే పొదలు పలచబడ్డాయి. పైపై వేళ్ల గడ్డిజాతులు పెరిగాయి. ఇసుకను నిలపడంలో సాధించిన ఆ విజయమే నీటి పంపకాన్ని ఇలా మార్చివేసింది.

అపోహ: పొర చెదిరినా మరో వానకు మళ్లీ కడుతుంది.

వాస్తవం: నాచు పోగులు కొన్నేళ్లలో తిరిగి రావచ్చు గానీ, లైకెన్లకూ మాస్ మొక్కలకూ దశాబ్దాలు పడుతుంది. ఈలోగా గాలి పైమట్టిని ఎత్తుకుపోతుంది.

గుంటక తోలి మన చేలో అట్టను పగలగొట్టినట్టే ఎడారిలోనూ చేస్తే నీరు ఇంకదా అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. ముతక ఇసుకలో కొంతకాలం ఇంకవచ్చునని ఒప్పుకున్నాను. అయితే ఆ నీటి కోసం దిగువన ఎదురుచూసే పొద ఏదో, కట్టు విడిన ఇసుక ఎటు కొట్టుకుపోతుందో ముందు చూసుకుని, ఆ తరువాతే గుంటక మాట ఎత్తమన్నాను.