ఆస్కార్ వేదిక మీద ఒక పేరు, గుర్తింపు కార్డులో ఇంకో పేరు

2018 మార్చి 4న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆస్కార్ వేడుకలో చిలీ నటి డానియేలా వేగా వేదికెక్కి ఒక పాటను పరిచయం చేశారు. ట్రాన్స్ మహిళనని బాహాటంగా చెప్పుకున్న వ్యక్తి ఆ వేడుకలో ప్రెజెంటర్‌గా నిలబడటం అదే మొదటిసారి. ఆమె ప్రధాన పాత్ర వేసిన ‘ఎ ఫెంటాస్టిక్ ఉమన్’కు అదే రాత్రి ఉత్తమ విదేశీ భాషా చిత్రం అవార్డు దక్కింది. ఆ విభాగంలో చిలీకి అదే తొలి ఆస్కార్. అప్పటికి ఆమె దేశం ఇచ్చిన గుర్తింపు కార్డులో మాత్రం పుట్టినప్పుడు పెట్టిన మగపేరే ఉంది. సినిమా బృందాన్ని అధ్యక్షురాలు మిచెల్ బాచెలెట్ అధ్యక్ష భవనానికి పిలిచి అభినందించిన ఆ రోజుల్లోనే వేగా ఈ సంగతి దాచకుండా చెప్పారు. చిలీ పత్రికలు దాని గురించి రాశాయి.

ఆ కార్డు వెనక చాలా పాత కథ ఉంది.

1973 ఏప్రిల్ 22న చిలీ రాజధాని శాంటియాగోలోని ప్లాసా దె ఆర్మాస్ కూడలిలో కొందరు గుమిగూడి, పోలీసుల వేధింపులు ఆపాలని అరిచారు. వాళ్లలో ఎక్కువమంది వీధుల్లో బతికే పేద యువకులు, ట్రాన్స్ మహిళలు. దేశంలో గే, ట్రాన్స్ వ్యక్తుల నిరసన అదే మొదటిదని చెబుతారు. అధికారంలో ఉన్నది సోషలిస్టు అల్యెందే ప్రభుత్వం. అయినా ఆ ప్రభుత్వాన్ని సమర్థించిన పత్రికలు సైతం వాళ్లను బూతులతో ఎగతాళి చేశాయి. ఈ విషయంలో వామపక్షానికీ మితవాదులకూ పెద్ద తేడా లేదన్నమాట. ఆ ఏడాదే మార్సియా అలెహాంద్రా అనే మహిళకు చిలీలో లింగమార్పిడి శస్త్రచికిత్స జరిగింది. తర్వాత ఆమె కాగితాల మీద పేరు కూడా మార్పించుకోగలిగారు. కానీ అది ఒక మనిషికి దొరికిన దారి మాత్రమే. ఆ సెప్టెంబరులోనే సైనిక కుట్ర జరిగింది. అల్యెందే ప్రభుత్వం కూలిపోయింది. 1990 దాకా జనరల్ పినోచే సైనిక పాలన.

ప్రజాస్వామ్యం వచ్చాక కూడా పరిస్థితి వెంటనే మారలేదు. స్వలింగ సంబంధాలను నేరం కాదనడానికి 1999 దాకా పట్టింది. ‘మర్యాదకు భంగం’ అనే సెక్షన్ ఆ తర్వాత కూడా పోలీసుల చేతిలోనే ఉంది. పేరు మార్చుకోవాలంటే 1970 నాటి పేర్ల చట్టం కింద కోర్టుకెక్కాలి. సాక్షులను తేవాలి, మానసిక వైద్యుల సర్టిఫికెట్లు చూపాలి. కొన్ని కేసుల్లో ఫోరెన్సిక్ వైద్యుల ముందు శరీరాన్ని పరీక్షకు పెట్టాల్సి వచ్చేది. జడ్జి మంచివాడైతే పని అయ్యేది, లేదంటే లేదు.

వేగా పుట్టింది 1989లో, శాంటియాగో నగరంలోని సాన్ మిగెల్‌లో. ఎనిమిదేళ్ల వయసులో ఆమె గొంతులోని ఒపెరా స్వరాన్ని గుర్తించింది ఒక టీచర్. టీనేజ్‌లోనే తానెవరో ఇంట్లో చెబితే తల్లిదండ్రులు పక్కన నిలిచారు. చిలీలో అప్పట్లో అందరికీ దొరికిన అదృష్టం కాదది. ఇల్లు ఒప్పుకున్నా బయట ఉద్యోగం దొరకాలి కదా. స్కూలు అయ్యాక కొంతకాలం డిప్రెషన్‌లో గడిపి, బ్యూటీ పార్లర్‌లో జుట్టు కత్తిరించే పనిలో చేరారు. ఆ తర్వాత చిన్న నాటక బృందాలు. 2011లో సొంత జీవితం ఆధారంగా తయారైన ‘లా ముహేర్ మారిపోసా’ నాటకం ఆమెకు నటిగా పేరు తెచ్చింది. 2014లో మొదటి ఫీచర్ సినిమా ‘లా విసీతా’ వచ్చింది. అందులో తండ్రి చనిపోతే ఇంటికి తిరిగొచ్చే ట్రాన్స్ మహిళ పాత్ర ఆమెది.

దర్శకుడు సెబాస్టియన్ లెలియో ఆమెను మొదట నటించమని పిలవలేదు. ఆయన అప్పట్లో బెర్లిన్‌లో ఉండేవారు. శాంటియాగోలో ట్రాన్స్ మహిళల బతుకు తనకు తెలియదని ఒప్పుకుని, స్క్రిప్టుకు సలహాదారుగా పెట్టుకున్నారు. నెలల తరబడి మాటలు సాగాక, పాత్రకు సరిపోయే మనిషి ఎదురుగానే ఉందని అర్థమైంది. ఈ నిర్ణయం విలువ తెలియాలంటే అప్పటి హాలీవుడ్‌ను చూడాలి. ట్రాన్స్ మహిళ పాత్ర వేసినందుకు 2014లో జారెడ్ లెటోకు ఆస్కార్ ఇచ్చారు. 2016లో ఎడ్డీ రెడ్‌మేన్‌కు నామినేషన్ ఇచ్చారు. ఇద్దరూ మగవాళ్లే.

లెలియో సినిమాలో వేగా పాత్ర పేరు మరీనా. పగలు హోటల్లో వడ్డిస్తుంది, రాత్రుళ్లు పాడుతుంది. తనకంటే చాలా పెద్దవాడైన ప్రియుడు హఠాత్తుగా చనిపోతే పోలీసులు ఆమెను అనుమానిస్తారు, అతని కుటుంబం అంత్యక్రియలకు రానివ్వదు. పాటలు వేగా సొంత గొంతుతోనే పాడారు. 2017 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ స్క్రీన్‌ప్లేకు ‘వెండి ఎలుగుబంటి’ అవార్డు లెలియోకూ, సహ రచయిత గొన్సాలో మాసాకూ వచ్చింది. సలహాలతో కథకు ప్రాణం పోసిన మనిషికి ఆ అవార్డులో భాగం లేదు.

ట్రాన్స్ వ్యక్తులు కాగితాల మీద పేరు, లింగం మార్చుకునే చట్టం ఆస్కార్ వల్లే వచ్చిందని తరచూ రాస్తుంటారు. అది సగం నిజమే. ఆ లింగ గుర్తింపు బిల్లును సెనేట్‌లో ప్రవేశపెట్టింది 2013లోనే. ఉద్యమ సంఘాలు దాని వెనక ఏళ్లపాటు తిరిగాయి, బిల్లు మాత్రం నత్తనడకన సాగింది. అంతకుముందు వివక్ష నిరోధక బిల్లుదీ ఇదే గతి. 2005 నుంచి పడి ఉన్న ఆ బిల్లు, 2012 మార్చిలో డానియేల్ సామూదియో అనే 24 ఏళ్ల గే యువకుణ్ని పార్కులో కొట్టి చంపాక నాలుగు నెలల్లో చట్టమైంది. వివక్ష నిరోధక చట్టానికి ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది, లింగ గుర్తింపు చట్టానికి ఒక బంగారు బొమ్మ సరిపోయింది. పార్లమెంటుకు సిగ్గు పుట్టించడానికి బయటివాళ్ల చూపు కావాలేమో.

లింగ గుర్తింపు బిల్లుపై చివరకు సంతకం చేసింది బాచెలెట్ కాదు. ఆమె పదవీకాలం ఆస్కార్ తర్వాత వారానికే ముగిసింది. మితవాద సెబాస్టియన్ పిన్యేరా ప్రభుత్వం, సొంత కూటమిలోని వ్యతిరేకత మధ్యే 2018 నవంబరులో దాన్ని చట్టం చేసింది. 2019 డిసెంబరు చివర్లో అమల్లోకి వచ్చింది. పేరు, లింగం మార్పించుకోవడానికి 18 నిండినవారు సివిల్ రిజిస్ట్రీకి ఇద్దరు సాక్షులతో వెళితే చాలు, శస్త్రచికిత్స కాగితాలు అక్కర్లేదు. 14 నుంచి 18 లోపువారు ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాలి. చట్టం వచ్చినప్పుడు పెళ్లయినవారికీ అదే దారి. 14 లోపు పిల్లలకు చట్టం ఈ అవకాశం ఇవ్వలేదు. వేగా చిన్నతనంలో ఉన్న ప్రశ్నకు ఇప్పటికీ ఈ చట్టంలో జవాబు లేదు.

నటిగా వేగాకు ఆ సినిమాతో ఆస్కార్ నామినేషన్ వస్తుందని చాలామంది అనుకున్నారు, రాలేదు. నటనకు నామినేషన్ పొందిన మొదటి బహిరంగ ట్రాన్స్ నటి 2025లో స్పెయిన్‌కు చెందిన కార్లా సోఫియా గాస్కోన్. వేగా ఈలోపు 2019లో ఆత్మకథ రాశారు, ‘టేల్స్ ఆఫ్ ద సిటీ’ సిరీస్‌లో కనిపించారు. 2020లో వచ్చిన చిలీ సిరీస్ ‘లా హౌరియా’లో ఆమె పోలీసు అధికారి. కనిపించకుండా పోయిన ఒక అమ్మాయి కేసును దర్యాప్తు చేసే పాత్ర అది.