ప్లాన్‌లో అక్షరం ఏ బిందువు మీద నిలబడుతుంది?

నల్గొండ చుట్టుపక్కల ఏ వెంచర్ లేఅవుట్ తీసుకున్నా అందులో వందల ప్లాట్లుంటాయి. ప్రతి ప్లాటుకూ ఒక నంబరు, గజాల లెక్క, నాలుగు వైపుల కొలతలు రాయాలి. కంప్యూటర్‌లో ప్లాన్ గీసేవాళ్లలో చాలామంది మొదటి ప్లాటులో 7 అని రాసి, దాన్నే మిగతా ప్లాట్లలోకి కాపీ చేసి, అంకె మార్చుకుంటూ పోతారు. 7 ఉన్నచోట 107 రాగానే చివరి అంకె హద్దు గీత మీదికి ఎక్కుతుంది. అప్పుడు ఒక్కోదాన్నీ మౌస్‌తో పట్టి, కంటి అంచనాతో జరపడం మొదలవుతుంది. సగం రోజు దానికే పోతుంది.

1982లో వచ్చిన ఆటోక్యాడ్ మొదలుకుని ఏ డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్ అయినా అక్షరాలను ఒక బిందువుకు కట్టి ఉంచుతుంది. ఆ బిందువు ఎక్కడుందో చూడాలంటే అక్షరం మీద ఒకసారి క్లిక్ చేస్తే చాలు. ఎడమ మూలన ఒకే నీలి గ్రిప్, అంటే పట్టుకుని జరిపే చిన్న చదరం కనిపిస్తే అది లెఫ్ట్ జస్టిఫై, అక్షరం ఎడమ అంచుకు కట్టి ఉందన్నమాట. రెండు గ్రిప్‌లు కనిపిస్తే వాటిలో ఒకటి మనం ఎంచుకున్న అసలు బిందువు. లెఫ్ట్‌లో ఉన్న అక్షరం ఎంత పెరిగినా కుడివైపుకే పెరుగుతుంది. అదే మిడిల్ సెంటర్, అంటే ఎంసీ పెడితే రెండు వైపులా సమంగా పెరుగుతుంది కాబట్టి 7 అయినా 107 అయినా ప్లాటు నడుమే ఉంటుంది.

ఇప్పటికే లెఫ్ట్‌లో రాసేసి ఉంటే ప్రాపర్టీస్ ప్యానెల్‌లో జస్టిఫై మార్చవద్దు. అక్కడ మారిస్తే బిందువు కదలదు, అక్షరం గెంతుతుంది. జస్టిఫైటెక్స్ట్ కమాండ్ ఇచ్చి, నంబర్లన్నీ సెలెక్ట్ చేసి, ఎంసీ ఎంచుకోవాలి. అక్షరాలు ఉన్నచోటే ఉంటాయి, బిందువు మాత్రం వాటి నడుమకు వస్తుంది. ఆ తర్వాత ఆ బిందువును ప్లాటు నడుమకు చేర్చాలి. ప్లాటు మూసుకున్న పాలీలైన్, అంటే నాలుగు వైపులూ తెగకుండా ఒకే గీతగా ఉంటే, జామెట్రిక్ సెంటర్ స్నాప్ (కర్సర్‌ను కచ్చితమైన బిందువుకు అతికించే ఏర్పాటు) నేరుగా నడుమను పట్టుకుంటుంది. నాలుగు విడి గీతలుగా ఉంటే పట్టదు. అప్పుడు ఎం2పీ అని కొట్టి ఎదురెదురు మూలలు చూపిస్తే ఆ రెండింటికీ సరిగ్గా నడుమనున్న బిందువు దొరుకుతుంది.

వరుసగా ఉన్న పేర్లను ఒకే గీత మీదికి తేవడానికి ఆటోక్యాడ్ 2015 నుంచి టెక్స్ట్‌అలైన్ ఉంది. జరపాల్సినవి సెలెక్ట్ చేసి ఎంటర్ కొట్టాలి, దేనికి సరిపెట్టాలో ఆ అక్షరాన్ని చూపాలి, తర్వాత దిశ చూపే రెండో బిందువు ఇవ్వాలి. ఎక్కువగా తప్పేది ఈ చివరి అడుగులోనే. ఎఫ్8 నొక్కి, దిశను అడ్డంగానో నిలువుగానో మాత్రమే పోనిచ్చే ఆర్థో వేసుకోకపోతే చెయ్యి కొద్దిగా వణికినా వరుస మొత్తం ఏటవాలుగా కుదురుతుంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకొక చిక్కుంది. ఆటోక్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లలో తెలుగు లేదు, ప్రశ్నార్థకాలు పడతాయి. టెక్స్ట్ స్టైల్‌లో గౌతమి, నిర్మలా యూఐ వంటి ఫాంట్ పెట్టుకోవాలి. ఆపైన ఒత్తుల సంగతి. కొత్తపల్లి అన్నప్పుడు ఒత్తులు గీత కిందికి దిగుతాయి, నకిరేకల్ అన్నప్పుడు దిగవు. ఉట్టి మిడిల్ అనే ఎంపిక కిందికి దిగినదాన్ని కూడా కలుపుకుని సగం లెక్కిస్తుంది. దాంతో ఒకే వరుసలోని ఊరి పేర్లు ఒకటి పైకి, ఒకటి కిందికి పోతాయి. ఎంసీ మాత్రం ఇంగ్లిష్ పెద్దక్షరం (క్యాపిటల్) ఎత్తునే చూస్తుంది, కాబట్టి వరుస చెదరదు.

ఇక అక్షరాలు కాకుండా, గీసిన బొమ్మలను జరిపే విషయం. విడిగా గీసిన ఇంటి ప్లానును సర్వేలో ఏటవాలుగా వచ్చిన 30×40 అడుగుల ప్లాటులో కూర్చోబెట్టడానికి అలైన్ కమాండ్‌ను మించింది లేదు. ఏఎల్ కొట్టి ప్లాను మొత్తం సెలెక్ట్ చేసి, ప్లాను మూల, ప్లాటు మూల, ప్లాను రెండో మూల, ప్లాటు రెండో మూల వరుసగా చూపి ఎంటర్ నొక్కితే స్కేల్ మార్చాలా అని అడుగుతుంది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. నేల మీద 40 అడుగుల వైపు టేపుకు 39 అడుగుల 8 అంగుళాలే వచ్చిందనుకుందాం. ఎస్ అంటే మూలలు రెండూ ముచ్చటగా కలుస్తాయి కానీ ఇల్లంతా ఆ నిష్పత్తిలో కుంచించుకుపోతుంది. 10 అడుగుల గది 9 అడుగుల 11 అంగుళాలవుతుంది, 9 అంగుళాల గోడ కూడా సన్నబడుతుంది. నో అంటే మొదటి మూల సరిగ్గా పడుతుంది, రెండోది దిశలో మాత్రమే కలిసి 4 అంగుళాలు బయటికి నిలుస్తుంది. ఇంటి ప్లానుకు నోనే సరి. ఆ 4 అంగుళాలు ఎక్కడ తగ్గించాలో మనిషే తేల్చాలి. స్కాన్ చేసిన పాత గ్రామ నక్షాకైతే ఎస్ అవసరం, ఎందుకంటే దాని కొలత మొదటినుంచీ సరిగా ఉండదు.

టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రం ఇచ్చిన బిందువులకు స్నాప్ చేసేటప్పుడు మరో ప్రమాదం ఉంది. ఒక బిందువు ఎత్తు 420.315, ఇంకోటి 419.870 ఉంటే, సున్నా ఎత్తులో గీసిన ప్లాను వాటిని పట్టుకుని గాలిలో వాలిపోతుంది. పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది, కొలిస్తే దూరాలు తేడా వస్తాయి. అలైన్‌కు ముందు ఓస్నాప్‌జెడ్ అనే సెట్టింగ్ విలువను 1 చేస్తే సాఫ్ట్‌వేర్ ఆ ఎత్తులను పక్కన పెడుతుంది. ఇంత చిన్న జాగ్రత్తను ఎక్కువమంది పట్టించుకోకపోవడం బాధాకరం. తిప్పాక అక్షరాలు తలకిందులైతే ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లోని టోరియెంట్ వాటిని చదివే దిశకు మళ్లిస్తుంది.

మహబూబ్‌నగర్ వైపు పనిచేసేవాళ్లు అదనంగా చూసుకోవాల్సింది 78 డిగ్రీల రేఖాంశం. అది పట్టణానికి ఆనుకునే పోతుంది. భూమిని 6 డిగ్రీల పట్టీలుగా విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో దానికి పడమర నారాయణపేట 43వ జోన్‌లో, తూర్పున నల్గొండ 44వ జోన్‌లో ఉన్నాయి. ఆ గీత దగ్గర రెండు జోన్ల గ్రిడ్‌లు చూపే ఉత్తర దిక్కుల మధ్య దాదాపు 1.7 డిగ్రీల తేడా ఉంటుంది. అందుకే గీతకు ఇటూ అటూ చేసిన రెండు రోడ్డు సర్వేలను ఒకే డ్రాయింగ్‌లో తెరిస్తే వందల కిలోమీటర్ల దూరంలో పడతాయి. దగ్గరకు లాక్కొచ్చినా వంకర పోదు. ఒక్క ప్లాటుకు అలైన్‌తో సర్దుకోవచ్చు గానీ, పొడవైన రోడ్డుకు ఆ పని కుదరదు. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో 43వ జోన్ ఫైలును ఈపీఎస్‌జీ కోడ్ (జోన్‌ను గుర్తించే సంఖ్య) 32643 నుంచి 32644కు మార్చి, ఆటోక్యాడ్ తెరవగల డీఎక్స్‌ఎఫ్ ఫైలుగా తెచ్చుకుని, అప్పుడే రెండింటినీ ఒకచోట తెరవాలి.