హలీం జిగురు వెనుక మూడు పేటల తాడు

ప్రెషర్ కుక్కర్‌లో గంటలోపే మటన్ మెత్తబడుతున్నప్పుడు హలీంను భట్టీ మీద అన్ని గంటలు ఎందుకు ఉడికించాలని, ఇంట్లో చేసిన హలీంకు ఆ సాగుడు ఎందుకు రాదని టోలీచౌకి నుంచి ఒక పాఠకురాలు అడిగారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం చరిత్ర, అరబ్బుల గోధుమ, మాంసం వంటకం హరీస్‌తో దానికున్న చుట్టరికం చాలామందికి తెలిసినవే కనుక నేరుగా జిగురు సంగతికి వస్తాను.

కండను ఎముకకు పట్టి ఉంచే నరాల వంటి బంధాల్లోనూ, కండపోగులను కట్టలుగా చుట్టి ఉంచే పొరల్లోనూ ఉండే ప్రోటీన్ పేరు కొల్లాజెన్. దీని అణువు అచ్చంగా మూడు పేటల తాడు. ఒక్కో పేట సుమారు 1000 అమైనో ఆమ్లాల గొలుసు. మూడూ పేనుకున్నాక తాడు పొడవు దాదాపు 300 నానోమీటర్లు, మందం 1.5 నానోమీటర్లు మాత్రమే. పేటలు అంత బిగువుగా అల్లుకున్నప్పుడు నడిమధ్యన చోటు మిగలదు కాబట్టి, ప్రతి మూడో స్థానంలో అమైనో ఆమ్లాలన్నింటిలోకీ చిన్నదైన గ్లైసిన్ ఉండి తీరాలి. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో ఈ మూడు పేటల నిర్మాణాన్ని ప్రతిపాదించారు. 1953 నాటి డీఎన్ఏ మెలికను బడిపిల్లలకు అంత శ్రద్ధగా బోధించే మనం, మరుసటి ఏడాదే మన పొరుగున వెలువడిన ఈ మెలిక ఊసెత్తకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మాంసం వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి ఈ తాళ్లు ముడుచుకుని కండను పిండుతాయి. ముక్కలోని రసం బయటకు వచ్చి, ముక్క మునుపటికంటే గట్టిపడుతుంది. చాలామంది కంగారుపడి పొయ్యి మంట పెంచేది ఇక్కడే. 70 డిగ్రీలు దాటిన తరువాత నీరు, వేడి కలిసి పేటలను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలను తెంచగా, తాడు పురి విడిపోయి పేటలు నీటిలోకి జారుతాయి. అదే జెలటిన్. వదులైన ఆ పొడవాటి పేటలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని నీటిని పట్టి ఉంచడం వల్లనే పెదవులు అంటుకునేంత జిగురు వస్తుంది. ముదురు జంతువులో పక్కపక్క తాళ్ల మధ్య అదనపు ముడులు పడి ఉంటాయి కనుక అవి విడివడడానికి మరింత సమయం పడుతుంది. చల్లారినప్పుడు పేటలు అక్కడక్కడా మళ్లీ మూడేసిగా పెనవేసుకుంటాయి. ఫ్రిజ్‌లో పెట్టిన హలీం గడ్డకట్టడానికి, వేడిచేస్తే తిరిగి జారడానికి ఇదొక ముఖ్య కారణం.

పాయా తాగితే అందులోని జిగురు నేరుగా విరిగిన ఎముకకు చేరి అతుకుతుందని నమ్మేవారు ఉన్నారు. మన జీర్ణవ్యవస్థ ఆ పేటలను చిన్న తునకలుగా, అమైనో ఆమ్లాలుగా విడగొట్టిన తరువాతే ఒంట్లోకి తీసుకుంటుంది. పైగా జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం లేదు.

ఇక కుక్కర్ విషయం. లోపల ఉష్ణోగ్రత సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి తాళ్ల పురి విప్పే పనిని అది త్వరగానే చేస్తుంది. చేయలేనిది రెండో పని. భట్టీ దగ్గర ఇద్దరు మనుషులు పొడవాటి కర్రలతో గంటల తరబడి కుమ్ముతున్నప్పుడు, కట్టలు వదులైన కండపోగులు సన్నని దారాలుగా విడిపోతాయి; ఉబ్బిన గోధుమ పిండిపదార్థపు రేణువులు చిట్లి అందులోని అమైలోజ్ అనే పిండిపదార్థం గంజిలా బయటకు వస్తుంది; నెయ్యి చిన్న బిందువులుగా చెదిరి ఆ ముద్దలో చిక్కుకుంటుంది. కండ దారాలు, గంజి, జెలటిన్ ఇలా ఏకమైనప్పుడే గరిటె ఎత్తితే హలీం సాగుతుంది.

కనుక ఇంట్లో చేసేవారు ఎముకతో ఉన్న కాలి మాంసాన్ని, నానబెట్టిన గోధుమ రవ్వను కుక్కర్‌లో బాగా ఉడికించి, ఎముకలన్నీ ఏరివేసి, మూత లేకుండా సన్నని సెగ మీద పప్పుగుత్తితో ఓపికగా మెదపాలి. మిక్సీ బ్లేడు కండ దారాలను పొట్టిగా తరిగేస్తుంది కాబట్టి దాని జోలికి పోకపోవడం మంచిది. నీరు ఎక్కువైతే జెలటిన్ పలచబడుతుంది; అందువల్ల మొదట కొంచెం తక్కువగానే పోసి, మెదిపేటప్పుడు అవసరాన్నిబట్టి మాంసం ఉడికిన నీటినే కలుపుకోవాలి.