ఎండకాలం చిరాకు ఎక్కడి నుంచి వస్తది?

పిల్లలూ,

రోహిణి కార్తెల రోళ్లు పగులుతయంటరు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు ఎండ 44 డిగ్రీలు దాటే దినాలుంటయి. ఆ దినాల్ల పగటీలి మూడింటికి తమ్ముని మీద ఊకెనే కోపమొస్తే మీ గుణమే చెడ్డదనుకోకండి. మూత్రం ముదురు పసుపుగ వస్తుందా చూసుకోండి. వస్తుంటే ఒంట్ల నీళ్లు తక్కువైనయి. తలనొప్పి, నీరసం, ఎవరితో మాట్లాడబుద్ధి కాకపోవుడు శానసార్లు దాంతోనే. దూప అయ్యేదాక ఆగకుండ నీళ్లు తాగుతనే ఉండాలె.

తాగబుద్ధి కావాలంటే నీళ్లు చల్లగుండాలె. దానికి మట్టి రంజన్‌ను మించింది లేదు. దాని మీద చెయ్యి పెట్టండి, చెమ్మ తగులుతది. లోపలి నీళ్లు మట్టిల ఉన్న సన్నటి రంధ్రాలకెల్లి ఊరి ఆవిరైతయి, అయ్యేటప్పుడు కుండల వేడిని పట్టుకపోతయి. మన ఏప్రిల్, మే గాలి పొడిగుంటది కాబట్టి ఇది మంచిగ జరుగుతది. ఉక్కపోసే కోస్తా ఊర్లల్ల అంత చల్లబడవు. అందుకే రంజన్‌ను మూలకు నెట్టకుండ, గాలి తగిలే నీడల, తడి ఇసుక మీద పెట్టండి. కొత్తదైతే ఒకరోజు నీళ్లు నింపి ఉంచి పారబోయండి. సబ్బు పెట్టొద్దు, మట్టి పీల్చుకుంటది. కొబ్బరి పీచుతో రుద్దితే సాలు. నిరుడు చల్లబడ్డ కుండ ఈయేడు చల్లబడకుంటే, బోరు నీళ్ల సున్నం రంధ్రాలను మూసేసినట్టు. బయట తెల్లటి పొర కనబడుతది. ఇంకో మాట: నల్లగొండ అంటేనే ఫ్లోరైడ్ యాదికొస్తది. కుండ నీళ్లను చల్లబరుస్తది గానీ ఫ్లోరైడ్ తియ్యదు. తాగే నీళ్లే పోయాలె.

ఆడి చెమటోడ్చినంక ఉత్త నీళ్లు సరిపోవు. ఉప్పేసిన సల్ల మంచిది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు. అంతా ఒక్క గ్లాసుల కలిపితే ఉప్పు ఎక్కువై ఒంటికి కీడు చేస్తది. ప్యాకెట్ లేకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లల్ల ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచ ఉప్పు. చెంచ మీద కుప్ప చెయ్యొద్దు, సమంగ గీకి కొలవాలె.

నిద్ర చాలకుంటే తెల్లారి ఏ ముచ్చటా రుచించదు. స్లాబు పగలంత తాగిన వేడిని రాత్రి వదులుతది, ఊరి చుట్టూ ఉన్న గుట్టల బండలూ అంతే. పొద్దుగూకినంక మిద్దె మీద నీళ్లు చల్లి, ఆరినంక పక్కలేసుకోండి. మూడింటికి చల్లితే చిటికెల ఆరి, ఎండ మళ్ల కాలుస్తది.

ఆటలు పొద్దుగాల తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత. నడుమ చింతగింజలు తీసి ఓమనగుంటలు, లేకుంటే పులి-మేక.

మీ జతగాడు పొంతన లేకుండ మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలిపోతున్నా అలిగిండనుకొని వదలొద్దు, అది ఎండదెబ్బ. పెద్దలను పిలిచి 108కు ఫోన్ చేయించండి. నీడకు పండబెట్టి, బట్టలు వదులు చేసి, మెడ మీద, చంకలల్ల తడిబట్ట పెట్టి విసరండి. సోయి లేకుంటే నోట్ల నీళ్లు మాత్రం పోయొద్దు.

మీ తాత