ఫైళ్లు లాక్ అయ్యాయా? ముందు ఆ ఫార్మాట్ ఆపండి

"అన్నా, వైరస్ వచ్చింది. ఫార్మాట్ కొట్టిచ్చిన. ఇప్పుడు నా ఫైళ్లు తీసిస్తవా?"

నల్లగొండలో కంప్యూటర్లు బాగుచేసే నా షాపుకు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) తగిలిన మనిషి వచ్చాడంటే, సగం సార్లు ఇదే మాట. ఇది విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆయన మీద కాదు, ఆ సలహా ఇచ్చినవాళ్ల మీద.

అపోహ: ఫార్మాట్ చేస్తే అంతా సెట్ అవుతుంది.

వాస్తవం: వైరస్ పోతుంది, నిజమే. దాంతోపాటు లాక్ అయిన ఫైళ్లూ పోతాయి, వాళ్లు పెట్టిన బెదిరింపు నోటూ పోతుంది. ఏ రకం రాన్సమ్‌వేరో చెప్పేది ముఖ్యంగా ఆ నోటు, ఫైలు పేరు చివర చేరిన తోక. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే కదా ఇది.

మిర్యాలగూడ దిక్కు నుంచి ఒక ఫోటో స్టూడియో ఆయన వచ్చాడు. ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ) దించుకున్నాడు, తెల్లారేసరికి ప్రతి ఫైలుకూ నాలుగు అక్షరాల తోక. ప్రతి ఫోల్డర్‌లో రీడ్‌మీ నోటు: 980 డాలర్లు కట్టు, 72 గంటల్లో మాట్లాడితే 490. అది స్టాప్ డీజేవీయూ రకం. ఆయన చేసిన మంచి పని ఒక్కటే, నెట్ వైరు పీకి, దేన్నీ ముట్టకుండా మిషన్ తెచ్చాడు. ఈ రకం ఫైలు మొదట్లో దాదాపు 150 కేబీ మాత్రమే లాక్ చేస్తుంది. అందుకే జీబీల కొద్దీ ఉన్న పెళ్లి వీడియోలు రిపేర్ టూల్‌తో చాలావరకు లేచాయి. ఫోటోలు కొన్ని కెమెరా కార్డుల్లోంచి తీశాం. అన్నీ రాలేదు, అబద్ధం చెప్పను.

అదే నెలలో దేవరకొండ దిక్కు నుంచి జిరాక్స్ సెంటర్ నడిపే ఇంకొకాయన. మేనల్లుడు "నేను చూస్తా మామా" అని ఎస్ఎస్‌డీని (చిప్‌లతో పనిచేసే కొత్త రకం డిస్క్) ఫార్మాట్ చేసి కొత్త విండోస్ ఎక్కించాడు. హార్డ్ డిస్క్ అయితే కాస్త ఆశ ఉంటుంది. ఎస్ఎస్‌డీ ఫార్మాట్ అయ్యాక పాత డేటాను తనే తుడిచేసుకుంటుంది. ఏమీ దొరకలేదు. ఆయన ఛాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మరి ఏం చేయాలి? నెట్ తీసేయండి. పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్క్ ఊడదీయండి. కళ్ల ముందే ఫైళ్ల పేర్లు మారిపోతుంటే పవర్ ఆపేయండి. నోటును ఫోన్‌తో ఫోటో తీయండి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి, డీజేవీయూ రకంతో పాటు పాస్‌వర్డులు దొంగిలించే వైరస్ కూడా రావచ్చు.

మిగతా పుకార్లు గబగబా. తోక చెరిపి పేరు మారిస్తే ఫైలు తెరుచుకోదు. యాంటీవైరస్ దొంగను పట్టుకుంటుంది, తాళం తీయదు. డబ్బు కడితే ఫైళ్లు వస్తాయన్న గ్యారంటీ లేదు. గూగుల్ డ్రైవ్‌లో ఉన్నవీ లాక్ అయ్యాయని టెన్షన్ పడకండి, పాత వెర్షన్లు 30 రోజుల దాకా ఉంటాయి, వెంటనే చూడండి. పోలీసులకు చెప్పి లాభం లేదనకండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆ గంటలోనే ఫోన్ చేయండి.

ఉచిత తాళంచెవులు ఉన్నాయా అంటే, ఉన్నాయి. 2016లో యూరోపోల్, డచ్ పోలీసులు, మరికొన్ని కంపెనీలు కలిసి మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' సైట్‌లో వెతకండి. డీజేవీయూకి 2019 అక్టోబర్‌లో ఎమ్సీసాఫ్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ టూల్ వచ్చింది. 2019 ఆగస్టు తర్వాతి రకాలైతే, నోటులో ఇచ్చిన ఐడీ చివర 'టీ1' (t1) ఉంటేనే ఆశ, అదీ ఆ తాళంచెవి ఎవరికైనా దొరికితేనే. ఇవాళ దొరక్కపోతే ఆ డిస్క్ తీసి పక్కన పెట్టి, కొత్తదానిలో విండోస్ వేసుకోండి.

నా డ్రాయర్‌లో అలాంటివి మూడున్నాయి, పేరూ తేదీ రాసి. అందులో ఒకటి సూర్యాపేట దిక్కు ట్యూషన్ సారుది. ప్రతి దసరాకు ఫోన్ చేసి, పండుగ ముచ్చట్లన్నీ అయ్యాక మెల్లగా అడుగుతాడు, "ఏమన్న వచ్చిందా తమ్మీ?" అని.