పెళ్లి చేస్తే పోయేదైతే నా దగ్గరికి ఇంతమంది ఎందుకొస్తారు?
బైసెక్సువాలిటీ: అపోహలు, వాస్తవాలు

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయంటే నాకు ఈ మాట వినక తప్పదు. "మేడం గారండీ, మావాడికి అమ్మాయిలన్నా ఇష్టమేనంటండి. ఇంక గొడవేముందండీ, సంబంధం చూసేస్తాం."

నేను అమలాపురంలో క్లినికల్ సైకాలజిస్టుని. కొడుకు ఫోన్‌లో ఏదో చాట్ కంటబడితేనో, కూతురి హాస్టల్ స్నేహం గురించి ఎవరో చెవిలో ఊదితేనో తల్లిదండ్రులు పరుగెత్తుకొస్తారు. పిల్లాడు గే కాదు, బైసెక్సువల్, అంటే ఆడా మగా ఇద్దరి మీదా ఆకర్షణ కలిగేవాడు అని తెలిసేసరికి కొందరి ముఖాలు తేటపడతాయి. హమ్మయ్య, సగం మనవైపే ఉన్నాడు కదా అని లెక్క. అక్కడే మొదలవుతుంది అసలు నష్టం.

అపోహ: అమ్మాయిలూ ఇష్టమే కాబట్టి, పెళ్లి చేసేస్తే రెండోది దానంతటదే పోతుంది.

పోదండీ. ఎవరి మీద ఆకర్షణ కలుగుతుందన్నది మూడు ముళ్లతో మారదు. తాళి కట్టినంత మాత్రాన మగాడికి పరాయి ఆడది అందంగా కనిపించడం మానేస్తుందా? ఇదీ అంతే. అలాగని బైసెక్సువల్ మనిషి పెళ్లికి పనికిరాడని నేననను. ఇష్టపడి, ముందే చెప్పుకుని, చక్కగా కాపురం చేసుకుంటున్నవాళ్లు నాకు తెలుసు. పెళ్లిని మందులా వాడితేనే చిక్కు.

ఒక కుటుంబం సంగతి చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చి. రొయ్యల చెరువులున్నవాళ్లు. తల్లి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మూలలా పసుపు రాసిన జాతకం జిరాక్సులు. నాకూ ఒకటి ఇచ్చింది, దాన్ని నేనేం చేసుకోవాలో! మేనమామ కూతురితో అప్పటికే మాట అయిపోయింది. తండ్రి నోరు విప్పలేదు, బండి తాళం వేలికి తిప్పుకుంటూ కూర్చున్నాడు. కుర్రాణ్ణి విడిగా కూర్చోబెడితే అన్న మొదటి మాట: "ఆ పిల్ల చాలా మంచిదండి. నాకు నిజంగానే ఇష్టం. అందుకే భయమేస్తోందండి."

అమ్మానాన్నలకి అర్థం కానిది ఈ భయమే. అతని టెన్షన్ అమ్మాయితో కాపురం చేయలేనేమోనని కాదు. ఇష్టమైన మనిషి దగ్గరే ఒక సంగతి జీవితాంతం దాచాలి, ఎప్పుడో ఏ పాత మెసేజో బయటపడితే ఆ పిల్ల కళ్లలోకి ఎలా చూడాలి అని. పెళ్లయ్యాక అత్తారింటివాళ్లకి తెలిస్తే జరిగే పంచాయితీలు నేను చూశాను. పెద్దమనుషులు కూర్చుంటారు, కట్నం లెక్కలు పైకి తీస్తారు, "మాకు ముందే తెలుసు" అన్న ముక్క మాత్రం ఎవరూ ఒప్పుకోరు. ఇద్దరి బతుకులూ బజారున పడతాయి. మేనరికమైతే మరీను, అన్నాచెల్లెళ్ల మధ్య రాకపోకలు కూడా ఆగిపోతాయి.

ముహూర్తం వెనక్కి జరపమన్నాను. తండ్రి అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, "ఆ పిల్లకి చెప్పాలంటారా?" చెప్పాలి. పెళ్లికి ముందే, ఆ కుర్రాడే, తన మాటల్లో తనే చెప్పాలి. మీరో, పెళ్లిళ్ల పేరయ్యో కాదు. ఆ పెళ్లి ఏమైందని మాత్రం నన్నడక్కండి, అది వాళ్లింటి సంగతి.

అప్పటికే పెళ్లయినవాళ్ల బాధ వేరు. నిద్ర పట్టడం లేదని ఒకావిడ వచ్చింది. భర్త కువైట్‌లో ఉంటాడు, అత్తగారితో కలిసి ఇల్లు నడుపుతుంది. చదువుకునే రోజుల్లో స్నేహితురాలిని ప్రేమించింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఏ ఆడమనిషిని చూసో మనసు చలిస్తుంది. అంతకుమించి ఏమీ లేదు. "ఆయన్ని మోసం చేస్తున్నానా మేడం?" అని ఒకటే ఏడుపు. లేదమ్మా. మనసుకి తోచడం వేరు, మాట తప్పడం వేరు. నీకు మగవాళ్లలో ఎవరైనా నచ్చినా ఇదే జవాబు చెబుతాను. బైసెక్సువల్స్ ఒకరితో నిలకడగా ఉండలేరన్న పుకారుకి కూడా నా దగ్గర ఉన్న సమాధానం ఇదే. నిలకడ లేనివాళ్లు అన్ని రకాల మనుషుల్లోనూ ఉంటారు.

ఇక గోడల మీద నంబర్లు రాయించుకుని, లాడ్జీల్లో గదులు తీసుకుని "నరాల బలహీనత, చెడు అలవాట్లు గ్యారంటీగా మాన్పిస్తాం" అనేవాళ్లు. వీళ్లకి డబ్బులు పోసి, చివరికి నా దగ్గరికి వచ్చేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. జబ్బు కానిదానికి వైద్యమేమిటి? స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. లైంగికతను మారుస్తామంటూ చేసే కన్వర్షన్ థెరపీ వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో దేశంలోని డాక్టర్ల వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. డిగ్రీ ఉన్న డాక్టరు మారుస్తానన్నా మీరు లేచి వచ్చేయొచ్చు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"ఇది వయసు తికమక, కొన్నాళ్లకి ఏదో ఒక వైపు తేలుతుంది." అమెరికాలో లీసా డైమండ్ అనే సైకాలజిస్టు కొందరు మహిళలని పదేళ్లపాటు గమనించి 2008లో ఫలితాలు ప్రచురించింది. బైసెక్సువాలిటీ దారిలో మజిలీ లాంటిది కాదు, చాలామందిలో నిలిచి ఉండేదే అని తేలింది.

"సరిగ్గా సగం సగం ఉంటేనే బై." 1948లోనే అమెరికా పరిశోధకుడు కిన్సీ దీన్ని 0 (అవతలి జెండర్ మీదే ఆకర్షణ) నుంచి 6 (సొంత జెండర్ మీదే) దాకా కొలబద్ద మీద పెట్టి చూపించాడు. ఎక్కువ తక్కువలు మామూలే.

"రెండూ అంటే హిజ్రాలా?" కాదు. నేను ఆడా మగా అనుకోవడం ఒక సంగతి, ఎవరు నచ్చుతారన్నది ఇంకో సంగతి. హిజ్రాలని ఎగతాళి చేయడానికి ఈ ప్రశ్న అడిగేవాళ్లకి నేను జవాబు కూడా చెప్పను.

"హైదరాబాద్ వెళ్లి చెడిపోయాడు." ఊరు దాటని ముసలాయన కూడా నా ఎదురుగా కూర్చుని తనకీ ఇద్దరూ నచ్చుతారని చెప్పుకున్నాడు.

"హెచ్ఐవీ వీళ్లతోనే వస్తుంది." రక్షణ లేని సంబంధంతో వస్తుంది, ఎవరికైనా. కండోమ్ వాడండి. ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో, పరీక్ష ఉచితం.

"ఇది నేరం కదా?" 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో, ఇష్టపూర్వకంగా పెద్దవాళ్ల మధ్య జరిగేది నేరం కాకుండా పోయింది. ఒకే జెండర్ వాళ్ల పెళ్లికి మాత్రం చట్టంలో గుర్తింపు లేదు, 2023 తీర్పులో కోర్టు అది ఇవ్వలేదు.

ఇంతా చదివి, వద్దామనుకుని కూడా మా నాన్నకి చెప్పేస్తారేమోనని ఆగిపోయేవాళ్లు ఉంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీరు చెప్పింది గోప్యంగా ఉంచాలి. ప్రాణాల మీదకి వచ్చే పరిస్థితి లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవేమిటో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. మీ అన్నయ్యే బండి మీద దింపి బయట కూర్చున్నా సరే, తలుపు వేసి మాట్లాడమని అడగండి. రావడానికి వీలు కాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, 14416. రాత్రీ పగలూ ఎత్తుతారు, ఫీజు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.